పాత కంప్యూటర్లలో కొత్త భాష: రస్ట్ ఎలా పెట్టుకున్నాం

మీరిచ్చిన పాత కంప్యూటర్ల మీద ముప్కాల్ పిల్లలు ఏం నేర్చుకుంటున్నారని దాతల్లో పలువురు అడుగుతున్నారు. టైపింగు, లెక్కల పట్టికలు అయ్యాక, డిప్లొమా చదివే పిల్లలు కోరగా ఈ ఏడాది రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టాం. "దీనికెంత కట్టాలి సార్?" అన్నది మొదటి ప్రశ్న. పైసా కట్టనక్కరలేదు. ఖర్చు వేరే చోట ఉంది.

గ్రేడన్ హోర్ అనే ఆయన 2006లో సొంతంగా మొదలుపెట్టిన భాష ఇది. మొజిల్లా సంస్థ చేయూతనిచ్చింది. 1.0 వెర్షన్ 2015 మే 15న వచ్చింది. పేరు పంటలకు పట్టే తుప్పు తెగులు శిలీంద్రం నుంచి తీసుకున్నానని ఆయనే చెప్పాడు. ఆ తెగులు ఎంత మొండిదో మన రైతులకు చెప్పాలా!

దీని గొప్పతనం మెమరీ దగ్గర ఉంది. లైబ్రరీలో ఒక పుస్తకం ఒకరి పేరున రాసి ఉంటుంది, తిరిగిచ్చాక వారికి దాని మీద హక్కు లేదు. సీ భాషలో ఇచ్చేసిన పుస్తకాన్ని మళ్లీ తెరిచినా అడిగేవాడు లేడు, హ్యాకర్లు దూరేది అక్కడే. రస్ట్ ప్రోగ్రాము నడవకముందే ఆ తప్పు పట్టుకుని ఆపేస్తుంది. తాము సరిదిద్దే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది.

ఇక పెట్టుకోవడం. మన కంప్యూటర్లలో విండోస్ 7 ఉంది. 2024 మేలో వచ్చిన 1.78 వెర్షన్ నుంచి రస్ట్‌కు కనీసం విండోస్ 10 కావాలి. పైగా విండోస్‌లో విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్ కూడా మామూలుగా దించుకోవాలి, అవి కొన్ని జీబీలు. అందుకని లినక్స్ వేశాం.

మొదటి కంప్యూటర్లో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి రస్టప్ అనే ఇన్‌స్టాలర్ నడిపాం. రస్ట్‌సీ అనే కంపైలరు, కార్గో అనే పనిముట్టు రెండూ అదే దించింది. తీరా కార్గో అని కొడితే అలాంటి ఆదేశమే లేదంది! టెర్మినల్ మూసి మళ్లీ తెరిస్తే సరిపోయింది. తర్వాత 'లింకర్ సీసీ దొరకలేదు' అన్న ఎర్రక్షరాలు. రస్టే పాడైందని పిల్లలు దిగాలు పడ్డారు. నిజానికి రస్ట్ తయారుచేసిన ముక్కలను కలిపి కుట్టేందుకు జీసీసీ కావాలి, అది లినక్స్‌తో రాలేదు. బిల్డ్ ఎసెన్షియల్ ప్యాకేజీ వేశాక 'హలో వరల్డ్' వచ్చింది. ఆ సాయంత్రం ఎవరూ ఇంటికి కదలలేదు.

మిగతా కంప్యూటర్లకు అంత డేటా ఎందుకని స్టాండలోన్ ఇన్‌స్టాలర్‌ను ఒక్కసారి దించి పెన్‌డ్రైవ్‌లో తిప్పాం. పాఠ్యపుస్తకం కూడా అందులోనే వస్తుంది, నెట్ లేకున్నా చదవవచ్చు. జీసీసీకి మాత్రం మళ్లీ హాట్‌స్పాట్ తప్పలేదు.

కాబట్టి ఈసారి కొత్త కంప్యూటర్లు కొనిస్తామనే దాతలకు మా మనవి: వద్దు. ఉన్నవాటికే ఎస్ఎస్‌డీ డిస్కులు, అదనపు ర్యామ్, నెలకో నెట్ ప్యాక్ ఇప్పించండి. రస్ట్ కంపైలు చేసేటప్పుడు మెమరీ బాగా తింటుంది. పాత డిస్కు మీద చిన్న ప్రోగ్రాముకు కూడా పిల్లలు చాలాసేపు కూర్చోవలసి వస్తోంది. ఒక కంప్యూటర్లో అయితే రస్ట్ పట్టేంత జాగాయే లేదు. దాన్ని టైపింగుకే ఉంచాం.