హైడ్రోజన్ మింగిన అయస్కాంతం

1960ల చివర్లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో, ఫిలిప్స్ పరిశోధనశాలలో, సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల బలహీనత ఒకటి బయటపడింది. ఇవి మహా మొండివి. ఎదురుగా ఎంత అయస్కాంత క్షేత్రం పెట్టినా ఓ పట్టాన దిశ మార్చుకోవు. ఆ మొండితనమే శాశ్వత అయస్కాంతానికి ప్రాణం. అలాంటిది, పీడనంతో హైడ్రోజన్‌ ఎక్కిస్తే మెత్తబడుతున్నాయి. మిశ్రమలోహం వాయువును పీల్చేస్తోంది, పీడనం తగ్గిస్తే వదిలేస్తోంది. జైల్‌స్ట్రా, వెస్టెన్‌డార్ప్ అనే అక్కడి పరిశోధకులు 1969లో ఈ సంగతి ప్రచురించారు.

అయస్కాంతాలు చేసేవాళ్లకిది తలనొప్పి. అదే పరిశోధనశాలలో మరికొందరికి మాత్రం ఆ పీల్చే గుణమే కావాల్సి వచ్చింది. సమేరియం బదులు లాంథనం, కోబాల్ట్ బదులు నికెల్ పెట్టి చూశారు. ఒక్కో లాంథనం పరమాణువుకు ఆరేసి హైడ్రోజన్ పరమాణువులు లోపలికి పోయాయి, అదీ గది ఉష్ణోగ్రతలో! అంతే చోటులో ద్రవ హైడ్రోజన్ పట్టేదానికంటే ఇది ఎక్కువ. కాకపోతే స్ఫటికం దాదాపు 25 శాతం ఉబ్బుతుంది. లోహమా, పెళుసు. హైడ్రోజన్‌ను దాచే ఎలక్ట్రోడ్‌గా బ్యాటరీలో పెట్టి ఛార్జ్ చేసిన కొద్దీ అది పగిలి, నలిగి, క్షారంలో తుప్పుపట్టి చచ్చేది. 1984లో ఫిలిప్స్‌కే చెందిన విల్లెమ్స్ నికెల్‌లో కొంత తీసి కోబాల్ట్ కలిపి ఆ ఉబ్బును అదుపులోకి తెచ్చాడు. 1997లో వచ్చిన తొలి టొయోటా ప్రియస్ కారులో ఉన్నది ఈ జాతి బ్యాటరీయే.

నాకైతే బ్యాటరీకంటే ఆ పగులే ఆసక్తి. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రెక్స్ హారిస్ బృందం దాన్నే పనిముట్టుగా మార్చుకుంది. నియోడిమియం-ఇనుము-బోరాన్ అయస్కాంతం తయారీకి ముందు మిశ్రమలోహపు దిమ్మను పొడి చెయ్యాలి. దంచడం కష్టం. హైడ్రోజన్ వదిలితే, కాల్చిన సున్నం మీద నీళ్లు చల్లినట్టు, అదే వేడెక్కి, ఉబ్బి, పొడిపొడిగా రాలుతుంది. ముందుగా వాయువును పీల్చేది రేణువుల సరిహద్దుల్లో ఉండే, నియోడిమియం ఎక్కువున్న పొర. అందుకే పగులు చాలావరకు ఆ సరిహద్దుల వెంటే నడుస్తుంది.

లోపల జరిగేది ఇంకా తమాషా. ఉపరితలం మీద హైడ్రోజన్ అణువు రెండుగా విడిపోయి, పరమాణువులు లోహపు జాలకం సందుల్లోకి దూరతాయి. ఇనుము పరమాణువుల మధ్య దూరం పెరుగుతుంది. దాంతో అయస్కాంతత్వం నశించే ఉష్ణోగ్రత, మామూలుగా 312 డిగ్రీల సెల్సియస్ దగ్గరుండేది, పదుల డిగ్రీలు పైకి పోతుంది. అంటే అయస్కాంతత్వం ఒక లెక్కన బలపడిందన్నమాట. పోయేది మొండితనం: నియోడిమియం పరమాణువు చుట్టూ ఉన్న విద్యుత్ వాతావరణం మారి, ఫలానా దిశనే పట్టుకుని ఉండాలన్న పట్టు సడలిపోతుంది. ఆ తర్వాత పొడిని అచ్చు వేసి, శూన్యంలో కాల్చేటప్పుడు హైడ్రోజన్ బయటికి పోతుంది, పట్టు తిరిగొస్తుంది.

పాత హార్డ్‌డిస్కుల నుంచి అయస్కాంతాలను రాబట్టడానికీ బర్మింగ్‌హామ్‌లో ఇదే దారి. లోపల జిగురుతో అంటించి ఉన్న అయస్కాంతాన్ని ఊడబెరకడం గోల. హైడ్రోజన్ పట్టిస్తే అది పట్టు కోల్పోయిన పొడిగా మారి, ఇనుప భాగాలకు అతుక్కోకుండా రాలిపోతుంది. పైనున్న నికెల్ పూత పెచ్చులుగా ఊడుతుంది. ఆ పెచ్చుల్ని జల్లెడ పట్టి వేరుచేస్తారు.