విదేశీ ఉద్యోగులు – అనుమతి పత్రాలు

పెనుకొండ సమీపాన ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం వెలసిన నాటి నుండి మన ప్రాంతానికి ఒక కొత్త అనుభవం కలిగింది. అంతకు పూర్వం బ్రతుకుతెరువు కొరకు సముద్రాలు దాటి వెళ్ళడమే మనవారికి తెలుసు. కదిరి, రాయచోటి, కడప ప్రాంతాలలో కువైటుకో సౌదీకో ఒక మనిషిని పంపని బంధువర్గం అరుదు. అట్టి సీమకు ఇప్పుడు కొరియా దేశం నుండి ఇంజనీర్లు ఉద్యోగానికి వచ్చినారు. వారి కొరకు కొరియా లిపిలో బోర్డులు వెలసినవి, ఆ దేశపు వంటకాలు వండే భోజనశాలలు వచ్చినవి. పరదేశిని పనిలో పెట్టుకొనే యజమాని ఏయే పత్రాలు సంపాదించవలెను, వచ్చినవాడు ఏయే కట్టుబాట్లకు లోబడి ఉండవలెను అను విషయం ఒకనాడు మనకు దూరపు ముచ్చట. నేడది మన జిల్లాలోని కార్యాలయాలలో దినదినం జరిగే పని. మన విద్యార్థులలో కొందరు ఆ కర్మాగారాలలోనూ, వాటి అనుబంధ సంస్థలలోనూ చేరేవారు. మరికొందరు గల్ఫు విమానం ఎక్కేవారు. ఇరువురికీ ఈ విషయం తెలిసి ఉండడం అవసరమని భావించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ముందుగా రెండు పదాలను వేరు చేసుకోవలెను. ‘వీసా’ అనగా లాటిన్ భాషలో ‘చూడబడినది’ అని అర్థం. ఒక దేశపు అధికారి నీ పాస్‌పోర్టును చూచి, మా గడప వరకు రావచ్చునని వేసే ముద్ర అది. ‘వర్క్ పర్మిట్’ అనగా ఆ దేశంలో ఫలానా యజమాని వద్ద ఫలానా పని చేయవచ్చునని ఇచ్చే అనుమతి. కొన్ని దేశాలలో ఇవి రెండూ వేర్వేరు కార్యాలయాల నుండి వస్తాయి. కువైటులో పని అనుమతి కార్మిక వ్యవహారాలు చూచే సంస్థ ఇస్తుంది. ప్రవేశం, నివాసం హోం మంత్రిత్వశాఖ చేతిలో ఉంటాయి. మన దేశంలో ‘వర్క్ పర్మిట్’ అను పేరుతో వేరే కాగితం లేదు. ‘ఎంప్లాయ్‌మెంట్ వీసా’ ఒక్కటే ఆ రెండు పనులూ చేస్తుంది. ఈ తేడా తెలియక చాలామంది తికమక పడుతుంటారు.

ఇక కియా సంగతి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యం. 2019 ఆగస్టులో మొదటి కారు సెల్టోస్ విపణిలోకి వచ్చింది; అదే సంవత్సరం డిసెంబరు 5న కర్మాగారాన్ని లాంఛనంగా ప్రారంభించారు. అప్పుడది అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుండి మన బుక్కపట్నం వలెనే ఆ ఊరు కూడా శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. ఇంతటి యంత్రాగారాన్ని నిలబెట్టుటకు ఆ యంత్రాల గుట్టు తెలిసినవారు మాతృసంస్థ నుండి రావలసిందే. దానితో పాటు విడిభాగాలు చేసే కొరియా సంస్థలు కూడా చుట్టుప్రక్కల వెలసినవి గనుక వాటి మనుషులు కూడా వచ్చినారు.

ఒక సంస్థ కొరియా నుండి ఒక ఇంజనీరును పిలిపించుకొనదలచినదనుకొందాము. ఆ సంస్థ ముందు మన దేశంలో రిజిస్టరై ఉండవలెను. అతనికి ఇచ్చే హోదా, జీతం, కాలపరిమితి స్పష్టంగా వ్రాసిన ఒప్పందపత్రం సిద్ధం చేయవలెను. ఈ పనికి తగిన నైపుణ్యం గల మనిషి మన దేశంలో సులభంగా దొరకడని ఆ సంస్థ నమ్మకం కలిగించవలెను. గుమాస్తా పని, సాధారణమైన రోజువారీ పని, కార్యదర్శి పని వంటి వాటికి ఈ వీసా ఇవ్వరాదని నియమం. అన్నిటికన్న పెద్ద గీటురాయి జీతం. సంవత్సరానికి 16 లక్షల 25 వేల రూపాయలకు తక్కువ జీతం గలవానికి ఉద్యోగ వీసా రాదు. పూర్వం ఇది 25 వేల డాలర్లుగా ఉండేది. చౌకగా దొరికే కూలివారిని బయటి నుండి తెచ్చి మన కూలివారి నోట మన్ను కొట్టకుండా ఉండుటకే ఈ ఏర్పాటు. పెద్ద జీతం ఇచ్చి మరీ తెచ్చుకొంటున్నాడంటే ఆ మనిషి అవసరం నిజమైనదే అయి ఉంటుందని ప్రభుత్వపు ఊహ.

ఈ జీతపు నియమానికి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. తమ దేశపు వంట చేసే వంటవారు, ఇంగ్లీషు కాక ఇతర విదేశీ భాషలు బోధించేవారు, ఆ భాషల అనువాదకులు, విదేశ రాయబార కార్యాలయాల సిబ్బంది అందులో చేరుదురు. చట్టాలు చేసేవారు సాధారణంగా పొట్ట సంగతి పట్టించుకోరని మనకొక అభిప్రాయం. కాని ఇక్కడ వంటవానికి ప్రత్యేకంగా ఒక తలుపు తెరచి పెట్టినారు! అనువాదకుల విషయంలో మాత్రం మన పిల్లలు ఒక సంగతి గమనించవలెను. కొరియా భాష నేర్చిన తెలుగు యువకుడు దొరికితే సంస్థ అంత దూరం నుండి మనిషిని తెప్పించుకోవలసిన పని లేదు. వీసా లేని ఉద్యోగం అది. దానికి కావలసినది ఒక భాష.

కాగితాలన్నీ సిద్ధమైన పిదప ఆ ఇంజనీరు తన దేశంలోని భారత రాయబార కార్యాలయంలో దరఖాస్తు చేసుకొంటాడు. పర్యాటకునిగా వచ్చి, ఇక్కడ ఉద్యోగం చూచుకొని, ఇక్కడే దానిని ఉద్యోగ వీసాగా మార్పించుకొనడం సామాన్యంగా కుదరదు. 180 రోజులకు మించిన వీసా మీద వచ్చినవాడు దిగిన 14 రోజులలోగా విదేశీయుల నమోదు అధికారి వద్ద పేరు నమోదు చేయించుకోవలెను. పెద్ద నగరాలలో దీనికి వేరే కార్యాలయాలున్నాయి. జిల్లాలలో ఆ బాధ్యత పోలీసు సూపరింటెండెంటుది. 2018 నుండి ఈ పని చాలావరకు కంప్యూటరు ద్వారానే జరుగుతున్నది. ఏటా పొడిగిస్తూ పోయినా మొత్తం మీద 5 సంవత్సరాలే హద్దు. అతని వెంట వచ్చిన భార్యాబిడ్డలకు వేరే వీసా ఇస్తారు; ఆ వీసా మీద భార్య ఇక్కడ ఉద్యోగం చేయరాదు.

గృహస్థులకు కూడా ఇందులో ఒక బాధ్యత ఉన్నది. విదేశీయునికి ఇల్లు గాని గది గాని ఇచ్చినవారు, అతడు వచ్చిన 24 గంటలలోగా ఆ సమాచారం అధికారులకు పంపవలెను. హోటలువారికే కాదు, మామూలు ఇంటి యజమానికి కూడా ఇది వర్తిస్తుంది. మంచి అద్దె వస్తున్నదని సంబరపడి ఈ సంగతి మరచినవారు చిక్కులలో పడే అవకాశం ఉన్నది. ఈ వ్యవహారాలన్నిటికీ ఆధారంగా చాలాకాలం 1920, 1939, 1946 నాటి పాత చట్టాలు ఉండేవి. వాటి స్థానంలో ‘ఇమిగ్రేషన్ మరియు విదేశీయుల చట్టం, 2025’ ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చింది.

నియమాలు ఇంత కఠినంగా మారడానికి ఒక పూర్వకథ ఉన్నది. వ్యాపార చర్చలకు వచ్చేవారికి ఇచ్చే ‘బిజినెస్ వీసా’ మీద వేలాది మంది, ముఖ్యంగా చైనా పనివారు, విద్యుత్తు, ఉక్కు నిర్మాణాలలో కూలి పనులు సైతం చేస్తున్నారని 2009లో ప్రభుత్వం గుర్తించింది. అట్టివారందరూ 2009 అక్టోబరు 31లోగా దేశం విడిచి పోయి, సరియైన వీసాతో తిరిగి రావలెనని ఆజ్ఞ వెలువడింది. 2010లో విద్యుత్తు, ఉక్కు రంగాల కొరకు ‘ప్రాజెక్టు వీసా’ అను ప్రత్యేక ఏర్పాటు వచ్చింది. చర్చకు వచ్చినవాడు వేరు, కొలువుకు వచ్చినవాడు వేరు అను గీత అప్పటి నుండి గట్టిగా గీయబడింది.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించదగినది. మన దేశపు ఉద్యోగ వీసా కూడా ఒకే యజమానికి ముడిపడి ఉంటుంది. కియా కొరకు వచ్చినవాడు వీసా ఉన్నది గదా అని మరొక సంస్థలో చేరలేడు. మాతృసంస్థ నుండి దాని పిల్ల సంస్థకు మారుటకైనా అనుమతి కావలెను. మరి గల్ఫు దేశాల కఫాలత్ పద్ధతికీ దీనికీ భేదమేమి?

ఉర్దూ చదువుకొన్న మన విద్యార్థులకు ‘కఫీల్’ అను పదం కొత్త కాదు. జామీను నిలిచేవాడు, హామీదారుడు అని దాని అర్థం. ధర్మశాస్త్రంలో అది ఒకరి భారాన్ని తన నెత్తిన వేసుకొనే గౌరవప్రదమైన మాట. గల్ఫులో ఆ పదమే పనివాని మీద యజమానికి ఉండే పట్టుకు పేరైపోయింది. పనివాడు యజమాని అనుమతి లేక మారరాదు. వదలి వెళ్ళితే పారిపోయినవాడని, సౌదీలో ‘హురూబ్’ అని, యజమాని ఫిర్యాదు చేయవచ్చును. ఆ ఒక్క ఫిర్యాదుతో సక్రమమైన పనివాడు అక్రమ నివాసి అయిపోతాడు. పెనుకొండలోని కొరియా ఇంజనీరుకు యజమానితో పొసగకపోతే రాజీనామా ఇచ్చి విమానమెక్కి పోతాడు. అతని పాస్‌పోర్టు అతని జేబులోనే ఉంటుంది. భేదమంతా అక్కడే ఉన్నది. వీసా యజమానికి ముడిపడి ఉండడం ఒకటి, మనిషే ముడిపడి ఉండడం మరొకటి.

మార్పులు రాలేదని కాదు. కువైటు 2015లో ఇంటి పనివారి కొరకు 68వ నెంబరు చట్టం చేసింది. యజమాని పాస్‌పోర్టు ఉంచుకొనరాదని అందులో ఉన్నది. 2016లో వారికి నెలకు 60 దినార్ల కనీస వేతనం నిర్ణయించింది. కతర్ 2020లో యజమాని సమ్మతి లేకుండానే ఉద్యోగం మారే వీలు కల్పించింది. సౌదీ 2021 మార్చిలో ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు కొన్ని వెసులుబాట్లు ఇచ్చింది, కాని ఇంటి పనివారిని, డ్రైవర్లను అందులో చేర్చలేదు. మన ప్రాంతం నుండి వెళ్ళేవారిలో ఎక్కువ మంది ఆ చేర్చనివారే కావడం విచారకరం.

కువైటుకు వెళ్ళేవారు 18, 20 అను రెండు అంకెలను తప్పక తెలిసికొనవలెను. 18వ అధికరణం కింద వచ్చేది ప్రైవేటు సంస్థ ఉద్యోగం. 20వ అధికరణం కింద వచ్చేది ఇంటి పని. మనవారు ‘ఖాదిం వీసా’ అనేది దీనినే. దుకాణంలో పని అని చెప్పి ఖాదిం వీసా చేతిలో పెట్టడం పాత మోసం. వీసా మీద ఏ అంకె ఉన్నదో దానిని బట్టే ఏ చట్టం వర్తించేదీ నిర్ణయమవుతుంది. ఏజెంటు నోటి మాటను ఏ న్యాయస్థానమూ వినదు.

ఇంతకన్న ప్రమాదకరమైనది ‘ఆజాద్ వీసా’. పేరు ఎంత మధురంగా ఉన్నది! స్వేచ్ఛా వీసా అట. నిజానికి ఏ గల్ఫు దేశపు చట్టంలోనూ అట్టి వీసా లేదు. ఒక కఫీల్ తనకు పనివాడు అవసరం లేకున్నా అనుమతి తీసికొని దానిని అమ్ముకొంటాడు. కొన్నవాడు బయట ఎక్కడో పని చేసికొంటూ ఏటేటా అతనికి కప్పం కడతాడు. పత్రంలో ఒక యజమాని, పనిలో మరొక యజమాని. తనిఖీలో దొరికితే తప్పు పనివానిదే అవుతుంది. 2018లో కువైటు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు మన రాష్ట్రం వారు అనేకులు చేతులూపుకొంటూ తిరిగి వచ్చినారు.

మన ప్రభుత్వం వైపు నుండి ఉన్న రక్షణ 1983 నాటి వలస చట్టం. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. ముద్ర ఉంటుంది. వారు గల్ఫుతో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళవలెనంటే వలస సంరక్షణాధికారి అనుమతి కావలెను. హైదరాబాదులో ఆ కార్యాలయమున్నది. అనుమతికి ముందు విదేశీ యజమాని ఈ-మైగ్రేట్ అను ప్రభుత్వ వ్యవస్థలో నమోదై, ఎందరు కావలెనో, జీతమెంతో, ఏ షరతులో తెలుపవలెను. పనివానికి 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేండ్లకు దాని ధర 275 రూపాయలు మాత్రమే. ఇ.సి.ఆర్. ముద్ర గల స్త్రీ 30 ఏండ్లు నిండనిదే వెళ్ళరాదు. అదియును ప్రభుత్వ సంస్థల ద్వారానే. మన రాష్ట్రంలో ఓంక్యాప్ అట్టి సంస్థ. ఈ నియమాన్ని తప్పించుటకే ఏజెంట్లు స్త్రీలను పర్యాటక వీసా మీద దుబాయికో మస్కటుకో చేర్చి, అక్కడి నుండి ఇంటి పనికి పంపుతుంటారు. అట్లు వెళ్ళిన తల్లికి ఒప్పందం లేదు, బీమా లేదు, ఆమె పేరు ఏ ప్రభుత్వ పుస్తకంలోనూ లేదు.

కళాశాల విద్యార్థులు తమకు ఈ బాధలు లేవనుకోవచ్చును. పదవ తరగతి పట్టా ఉన్నవారికి ఆ ముద్ర పడదు, అనుమతి అక్కరలేదు. నిజమే. కాని దీనిలోని మర్మం వేరు. అనుమతి అక్కరలేదంటే, ఒప్పందం చదివి చూచే అధికారి కూడా లేడని అర్థం. చదువురాని అన్న కాగితాన్ని ప్రభుత్వం ఒకసారి చూస్తుంది. పట్టభద్రుడైన తమ్ముని కాగితాన్ని అతడే చూచుకోవలెను. ఏజెంట్లు పదవ తరగతి పాసైన కుర్రవానిని ఇష్టపడేది అతని చదువు మీది గౌరవంతో కాదు.

ఖర్చు విషయం కూడా చెప్పవలెను. లైసెన్సు గల ఏజెంటు పనివాని నుండి తీసికొనదగిన గరిష్ఠ రుసుము 30 వేల రూపాయలు, దాని మీద 18 శాతం పన్ను, మొత్తం 35,400. దానికి రశీదు ఇవ్వవలెను. వీసా ఖర్చులు యజమానివే. అమెరికాలో హెచ్-1బి వీసా కొరకు ప్రభుత్వానికి చెల్లించే ముఖ్య రుసుములు సంస్థే భరించవలెనని, వాటిని ఉద్యోగి జీతం నుండి రాబట్టరాదని నియమం. పెనుకొండకు కొరియావాని రాక కొరకు అతని భార్య నగలు తాకట్టు పెట్టినట్టు మనమెన్నడూ వినలేదు. మన ఇండ్లలో మాత్రం లక్షలు పోసి వీసా ‘కొనడం’ పెండ్లి ఖర్చు వలె మామూలైపోయింది. కొనవలసిన వస్తువు కానిదానికి బేరమాడినప్పుడు ధర ఎంతైనా ఎక్కువే.

బయలుదేరే ముందు ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉన్నదో లేదో చూచుకోవలెను; కంప్యూటరు తెలిసిన విద్యార్థి అయిదు నిమిషాలలో ఇంటి చుట్టుప్రక్కల వారికి ఈ సహాయం చేయగలడు. ఒప్పందంలో యజమాని పేరు, వీసాలోని పేరు ఒకటే అయి ఉండవలెను. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం – వీటి నకళ్ళు ఒక జత ఇంట్లో ఉంచవలెను. అక్కడ ఆపద వస్తే భారత రాయబార కార్యాలయానికి గాని, 2015లో విదేశాంగశాఖ నెలకొల్పిన ‘మదద్’కు గాని ఫిర్యాదు చేయవలసినది ఇంటివారే. అప్పుడు మొదట అడిగేది పాస్‌పోర్టు నెంబరు. ఆ నెంబరు ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం చేత నెలల తరబడి ఆగిపోయే ఫిర్యాదులు ఉంటాయి.