కాలు విరిగితే వంటెవరు చేస్తారు?

కాలు విరిగిందని తెలిసి చూడ్డానికి వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "అయ్యో, ఎలా పడ్డావమ్మా?" అని. రెండోది "మరి వంటెవరు చేస్తున్నారు?" అని. మగవాళ్లకి కాలు విరిగితే ఈ రెండో ప్రశ్న ఎవరూ వెయ్యరు. "ఎన్నాళ్లు సెలవు పెట్టావు?" అంటారు. అంటే సెలవనేది ఒకటుందని ఒప్పుకున్నట్టేగా! ఇల్లాలు సెలవుచీటీ ఎవరికిచ్చుకోవాలి? చీలమండ విరిగిన ఆడవాళ్లకి అసలు బాధ ఇక్కడే మొదలవుతుందంటాను నేను. ఎముక అతుక్కోవడం దాని పని, అది చేసుకుపోతుంది. దాన్ని చెయ్యనివ్వాల్సింది ఇల్లు.

నాకు కిందటేడాది శ్రావణమాసంలో కుడి చీలమండ విరిగింది. వాన వెలిశాక పెరట్లో తీగమీది బట్టలు తియ్యబోతే పాచిమీద కాలు జారింది. చెప్పుకోవడానికి అంతకంటే ఏమీ లేదు. చెప్పుకోవాల్సిందంతా ఆ తర్వాతి ఆరేడు నెలల్లోనే ఉంది.

బెణికిందా, విరిగిందా?

మన కాలికి అటూ ఇటూ రెండు బుడిపెలు కనిపిస్తాయి కదా, లోపలి బుడిపె మోకాలి కింద ఉండే పెద్ద ఎముక చివర. బయటిది దాని పక్కనే ఉండే సన్నెముక చివర. ఈ రెండూ కలిసి గూడులా ఏర్పడి, మధ్యలో పాదం పైఎముకని పట్టుకుని ఉంటాయి. పాదం పైకీ కిందకీ ఆడేది ఆ గూట్లోనే. ఒక బుడిపె మాత్రం విరిగి, ఎముక పక్కకి జరక్కుండా ఉంటే కట్టుతో సరిపోతుంది. రెండు వైపులా విరిగినా, వెనక అంచు కూడా పోయినా, కీలు పక్కకి తొలిగినా సాధారణంగా ఆపరేషన్ చేసి ప్లేటూ స్క్రూలూ వేస్తారు. నాకు రెండు వైపులా విరిగింది.

పడగానే మన ఇళ్లల్లో జరిగేదేమిటి? "బెణికుంటుందిలే" అని ఎవరో ఒకరు కొబ్బరినూనె కాచి పట్టుకొస్తారు. దయచేసి తోమించుకోకండి. విరిగిన ఎముకని తోమితే ఇంకాస్త జరుగుతుంది. ఆ కాలిమీద నాలుగడుగులు వెయ్యలేకపోయినా, బుడిపెల ఎముకమీద వేలు పెట్టి నొక్కితే ప్రాణం పోతున్నట్టున్నా ఎక్సరే తీయించాల్సిందే. డాక్టర్లు చూసే గుర్తులు కూడా ఇవే. వేళ్లు కదులుతున్నాయి కాబట్టి విరగలేదనుకోవడం శుద్ధ తప్పు. నా వేళ్లు శుభ్రంగా కదిలాయి.

ఇక నాటుకట్టు సంగతి. పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగువాళ్లుండరు. తాతల నాటి నుంచీ ఉన్న నమ్మకం, కాదని ఎవరితోనూ పోట్లాడను. కానీ కీలు తొలిగిన చీలమండ లోపల ఎలా ఉందో ఎక్సరే చూడకుండా చెప్పడం ఎవరివల్లా కాదు. కీలులో ఎముక వంకరగా అతుక్కుంటే తర్వాత కీలు అరిగిపోయి, జీవితాంతం నొప్పి వెంటాడుతుంది.

ఆసుపత్రిలో చేర్చుకున్నాక కూడా వెంటనే కొయ్యలేదు. వాపు తగ్గాలని ఆరు రోజులు అరకట్టు వేసి, కాలు ఎత్తున పెట్టించారు. "డబ్బు గుంజడానికి పడుకోబెట్టారు" అని మా బంధువులు గొణిగారు గానీ, అలా ఆగడం వైద్యంలో మామూలే. ఉబ్బి నిగనిగలాడే చర్మాన్ని కోస్తే గాయం మానదు, చీము పడుతుంది.

కట్టు కిందేం జరుగుతోంది?

1985లో వచ్చిన 'మయూరి' సినిమా చూసినవాళ్లకి సుధాచంద్రన్ కథ తెలుసు. 1981లో, పదహారేళ్ల వయసులో, తమిళనాడులో బస్సు ప్రమాదంలో ఆమె కాలికి దెబ్బలు తగిలాయి. కట్టు కింద ఉండిపోయిన గాయం కుళ్లి, చివరికి కాలే తియ్యాల్సి వచ్చింది. జైపూర్ కాలితో ఆమె మళ్లీ నాట్యం చెయ్యడం గొప్ప సంగతే. మనం గుర్తుపెట్టుకోవాల్సింది మాత్రం ఆ కట్టు కింది గాయాన్ని.

కాబట్టి కట్టు వేయించుకుని ఇంటికొచ్చాక రోజూ వేళ్లు చూసుకోవాలి. నీలంగానో తెల్లగానో మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోయినా, మాత్ర వేసుకున్నా నొప్పి పెరుగుతూనే పోతున్నా, కట్టులోంచి వాసనొచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు. పిక్క గట్టిపడి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసమొచ్చినా అంతే. అది నెత్తురు గడ్డ కట్టిందనడానికి గుర్తు కావచ్చు. దురద పుడితే మాత్రం ఓర్చుకోవాలి. స్కేలూ, అల్లిక సూదీ లోపలికి దూర్చి గోక్కుంటే చర్మం చీరుకుపోయి కొత్త పుండు తయారవుతుంది.

వాకర్ పట్టిన మనిషికి చేతులుండవు

నన్ను ఆరు వారాలు కాలు నేలకి ఆనించొద్దన్నారు. ఆనించకుండా ఇంట్లో మెలగడమెలాగో మాత్రం ఆసుపత్రిలో ఎవరూ చెప్పరు. అది మన ఇల్లే నేర్పుతుంది.

మొదటి పాఠం గడప. మన ఇళ్లకి గదిగదికీ గడపే! ఇన్నాళ్లూ శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టిన ఆ గడపే వాకర్‌కి పెద్ద కొండైంది. మావారు రెండు చెక్కముక్కలు తెచ్చి అటూ ఇటూ వాలుగా పెట్టారు. కాళ్లు తుడుచుకునే పట్టాలన్నీ మడిచి అటకెక్కించాం. చీర కుచ్చిళ్లు వాకర్ కాళ్లలో చిక్కుకుంటున్నాయని నేను నైటీలోకి దిగాను. మా అత్తయ్యగారు ఓ రోజంతా మొహం ముడుచుకున్నారు. రెండో రోజు ఆవిడే "ఇంకో రెండు కుట్టించుకో, ఉతికి ఆరెయ్యడానికి చాలొద్దూ?" అన్నారు.

రెండో పాఠం చేతులది. వాకర్ పట్టుకున్న మనిషికి రెండు చేతులూ ఉండవు. గ్లాసుడు మంచినీళ్లు ఈ గదిలోంచి ఆ గదిలోకి తెచ్చుకోలేం. అందుకే వాకర్‌కి ఓ గుడ్డసంచీ కట్టాం. సెల్‌ఫోనూ, మందులూ, కళ్లజోడూ, మూత గట్టిగా బిగించిన నీళ్ల సీసా అందులోకి. కాఫీ ఫ్లాస్కులో పోసి మంచం పక్కనే పెట్టేవారు.

మూడోది స్నానాల గది. మొహమాటపడి దీని గురించి ఎవరూ మాట్లాడరు. నీళ్లు తక్కువ తాగితే లేవాల్సిన పని తగ్గుతుందని ఆడవాళ్లు గొంతెండబెట్టుకుంటారు, ఆనక మలబద్ధకం, మూత్రంలో మంట. అలా చెయ్యకండి. కింద కూర్చునే దొడ్డి మాత్రమే ఉన్న ఇంట్లో, మధ్యలో కన్నముండి అడుగున బకెట్ పట్టే కమోడ్ కుర్చీ కొనుక్కోవచ్చు, చాలా ఊళ్లలో అద్దెకీ దొరుకుతుంది. స్నానానికి కదలని కుర్చీ వేసుకుని, కట్టుకి పాలిథిన్ సంచి చుట్టి పైన బిగించి, ఆ కాలు బయటికి ఇంకో పీటమీద పెట్టుకోవాలి. నాకు మొదటి పదిరోజులూ మా అమ్మ పోసింది. ముప్పై ఎనిమిదేళ్లొచ్చాక అమ్మచేత నీళ్లు పోయించుకుంటే ఏడుపూ వచ్చింది, సుఖంగానూ ఉంది.

అమ్మ వెళ్లిపోయాక మొదలైంది అసలు కథ. "నడవొద్దన్నారు గానీ కూర్చుని చేసే పనులకేం?" అన్నమాట నెమ్మదిగా ఇంట్లోకొచ్చింది. అన్నదెవరో చెప్పను, మంచివాళ్లే. కూర తరగడం, చిక్కుడుకాయ ఈనెలు తియ్యడం, బియ్యంలో రాళ్లేరడం, ఉతికిన బట్టలు మడతపెట్టడం... ఇవన్నీ కూర్చునే పనులే. కానీ కుర్చీలో కూర్చుంటే కాలు కిందకి వేలాడుతుంది. అరగంట వేలాడిందంటే వేళ్లు వంకాయ రంగుకి తిరుగుతాయి, కట్టు బిగుసుకుంటుంది, ఆ రాత్రి నిద్రుండదు. మొదటి రెండు మూడు వారాలైనా పాదం గుండె కంటే ఎత్తులో ఉండాలి. అంటే పడుకుని, కాలికింద రెండు మూడు దిళ్లు. అలా పడుకుని చిక్కుడుకాయలు ఒలవగలిగినవాళ్లుంటే నాకు చెప్పండి!

మా బంధువుల్లో ఒకావిడకి ఇలాగే విరిగితే మూడో వారానికే పొయ్యి దగ్గర నిలబడింది. ఇంట్లో అత్తమామలూ, పరీక్షల పిల్లలూ. కాలిమీద బరువు పడి లోపల స్క్రూలు కదిలిపోయాయి, మళ్లీ కోశారు. ఇప్పటికీ కుంటుతుంది. "నాదే తొందర" అంటుంది పాపం. ఆ తొందర ఆవిడదెలా అవుతుంది?

అందుకే నేను మావారినీ పిల్లలనీ కూర్చోబెట్టి ఒక కాగితం రాశాను. కథలు రాసే చెయ్యి కదా, పనుల జాబితా రాయడం ఎంతసేపు! పొద్దున ఆరింటి నుంచి రాత్రి గ్యాస్ కట్టేసేదాకా రాస్తే అరఠావు రెండు వైపులా నిండింది. మావారు చదివి, "ఇవన్నీ రోజూ ఉంటాయా?" అన్నారు. రెండు నెలలకి పూటవంటకి మనిషిని పెట్టాం. ఆ జీతం గురించి కాస్త గునిశారు గానీ, రెండోసారి ఆపరేషన్ ఖర్చెంతో చెప్తే మాట్లాడలేదు. పెద్దాడు కుక్కర్ పెట్టడం, చిన్నది కూర తరగడం నేర్చుకున్నారు. అన్నం రెండురోజులు సంకటైంది. తిన్నాం.

బోలెడు తీరిక దొరికింది, కథలు రాసుకోవచ్చుగా అన్నారు చాలామంది. ఒక్కటీ రాయలేదు. రాత్రుళ్లు నిద్రపట్టక, పగలు అందరిమీదా చిరాకేసి, ఊరికే కూర్చుని తింటున్నానన్న గిల్టీతో సరిపోయింది. ఈ దిగులు చాలామందికి వస్తుందట. మరీ ఎక్కువైతే డాక్టరుకి చెప్పుకోవడంలో నామోషీ ఏం లేదు.

తిండి విషయం రెండు ముక్కల్లో. పప్పు తింటే చీము, వంకాయ తింటే దురద అని కట్టడి చేస్తారు పెద్దవాళ్లు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, మన శాకాహారులకి పప్పే కదా దిక్కు! పెద్దవాళ్లకి రోజుకి వెయ్యి మిల్లీగ్రాముల కాల్షియం కావాలంటారు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 ఉంటుంది. పాలు, పెరుగు, నువ్వులు, గుడ్డు తినేవాళ్లు గుడ్డు. విటమిన్ డి తక్కువుందేమో పరీక్ష చేయించి డాక్టరు చెప్పినంతే వాడాలి.

కట్టు విప్పాక...

దసరాకి ముందు కట్టు విప్పారు. ఇంట్లో పండగ వాతావరణం. "హమ్మయ్య, నయమైపోయింది!" అనుకున్నారంతా. నేను కాలు చూసుకుని హడలిపోయాను. పిక్క సగమైపోయి, చర్మం పొలుసులు లేచి, చీలమండ కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. అడుగు ఆనిస్తే అరికాలి నిండా ముళ్లు. అప్పటికి అతుక్కుంది ఎముక ఒక్కటే. కండా, నరం, కీలు ఇంకా పడుకునే ఉన్నాయి.

ఆపరేషన్‌కి నోరెత్తకుండా ఖర్చుపెట్టిన ఇల్లు, ఫిజియోథెరపీ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ముడుస్తుంది. "ఇంటిపని చేసుకుంటే అదే ఎక్సర్‌సైజు" అంటారు. కాదండీ. ఇంటిపని కాలిని అలిసిపోయేలా చేస్తుంది, బిగిసిన కీలుని వదులు చెయ్యదు. పైగా కుంటుతూ పనిచేస్తే ఆ కుంటే అలవాటై, నడుమూ రెండో మోకాలూ కూడా పట్టేస్తాయి. రోజూ వెళ్లే వీలు లేకపోతే నాలుగైదుసార్లైనా వెళ్లి, నేర్చుకుని, ఇంట్లో చేసుకోండి. నాకు చెప్పినవి చాలా సులువైనవే. బొటనవేలితో గాల్లో అక్షరాలు రాయడం (నేను అ నుంచి క్ష దాకా రాసేదాన్ని, 'ఱ' దగ్గర నొప్పి), అరికాలికి తువ్వాలు తగిలించి మనవైపు లాక్కోవడం, కొన్ని వారాలయ్యాక గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించడం, ఆ తర్వాత ఒంటికాలిమీద నిలబడటం. ఎప్పుడేది మొదలెట్టాలో మీ ఎక్సరే చూసినవాళ్లే చెప్పాలి.

మెట్లకో కిటుకుంది. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు దెబ్బకాలు ముందు. మా పనిమనిషికి కూడా నోటికొచ్చేసింది, నేను మెట్టు దగ్గర ఆగితే కింద నుంచి అరిచేది.

మా వీధిలో బట్టలు కుట్టే ఒకావిడకి నాకంటే రెండేళ్ల ముందు కుడికాలే విరిగింది. మిషను తొక్కందే రోజు గడవదు. ఆవిడ మిషనుకి మోటారు పెట్టించి, దాని పెడలు ఎడమకాలి కిందకి మార్చుకుంది. కుడికాలు స్టూలుమీద! అలా రోజుకి గంటా రెండు గంటలతో మొదలెట్టి నిలదొక్కుకుంది. ఆవిడే నాకు ముందుగా చెప్పింది, "సాయంత్రమయ్యేసరికి ఉబ్బుతుందమ్మా, ఏడాది దాకా ఉబ్బుతుంది, భయపడకు" అని. నిజంగానే ఉబ్బింది. పొద్దున దిగేది.

నాకు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది గొంతుక్కూర్చోవడం. చీలమండ బాగా ముందుకి వంగితే తప్ప మడమ నేలకి ఆనదు. ముగ్గు పెట్టడానికి, కింది అరలో డబ్బా తియ్యడానికి, రైల్లో దొడ్డికి... ఎన్నిసార్లు గొంతుక్కూర్చుంటామో అప్పుడు లెక్క తెలిసింది. సంక్రాంతికి ముగ్గు మా చిన్నది పెట్టింది, నేను కుర్చీలోంచి చుక్కలు లెక్కపెట్టాను. ఉగాదికి కూర్చోగలిగాను, లేవడానికి మాత్రం చెయ్యి అందించాల్సొచ్చింది.

చెప్పుల్లో వెనక పట్టీ ఉన్నవే వేసుకుంటున్నాను. హవాయి చెప్పులు జారతాయి. లోపలి ప్లేటు ఇబ్బంది పెట్టకపోతే సాధారణంగా తీయించుకోనక్కర్లేదు. పట్టీ రాసుకుని నొప్పెడుతున్నా, చర్మం కింద స్క్రూ పొడుచుకొస్తున్నా, ఎముక పూర్తిగా అతుక్కున్నాక తీస్తారు. నాకు చలికాలంలో కాస్త జివ్వుమంటుంది, అంతే. మా డాక్టరుగారు ఉండనివ్వమన్నారు. ఉంచుకున్నాను.