మెట్ట సేద్యంలో నష్టభయం – ముందుచూపు



మెట్ట సేద్యం వానతో జూదమని మనలో ఒక మాట వున్నది. కాని జూదానికి లెక్క లేదు, వానకు లెక్క వున్నది. ఆ లెక్క తెలిసినవాడు కరువును ఆపలేకపోయినా, కరువులో మునిగిపోకుండా నిలబడగలడు.

ఈ లెక్కలు కట్టే పని మన హైదరాబాదులోనే, సైదాబాద్ పక్కన సంతోష్‌నగర్‌లో జరుగుతున్నది. 1970లో మెట్ట వ్యవసాయానికి దేశవ్యాప్త పరిశోధనా పథకం ఒకటి ప్రారంభమైనది. అదే 1985లో కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థగా రూపొందినది. హయత్‌నగర్‌లోని దీని క్షేత్రంలో వున్నవి మనలో చాలామంది దున్నుకొనే చల్క నేలలే. వాన ఆలస్యమైతే ఏమి చేయవలెను, నడుమ ఆగిపోతే ఏమి చేయవలెను అని 600కు పైగా జిల్లాలకు ఈ సంస్థ ఆధ్వర్యంలో ప్రణాళికలు తయారైనవి.

ముందు మన నష్టాన్ని మనమే కొలుచుకొందాం. తొలకరి జల్లుకే తొందరపడి విత్తినారనుకోండి. విత్తనానికీ కూలికీ ఎకరానికి 3,000 రూపాయలు ఖర్చయినది. పదేండ్లలో నాలుగుసార్లు మొలక మాడిపోతే 12,000 రూపాయలు మట్టిపాలు. అంటే ఏడాదికి 1,200. “ఆగితే అదను దాటిపోదా?” అని మీరు అడుగవచ్చు. దాటవచ్చు. దిగుబడి తగ్గి ఏటా 500 రూపాయలు పోయినా, ఆగినవాడికే 700 మిగులుతుంది.

ఇంకొక సంగతి. చెడ్డ ఏండ్లు ఒక్కొక్కటిగా వస్తాయని హామీ లేదు, జంటగా కూడా రావచ్చు. అందుచేత సగటు లాభం ఒక్కటే చూడకండి. వరుసగా రెండేండ్లు పంట పోతే అప్పు లేకుండా ఇల్లు గడుస్తుందా అని చూడండి. గడవదనుకుంటే, ఉన్న పొలమంతా ఖర్చెక్కువైన ఒకే పంటకు అప్పగించరాదు.

మరి ఎప్పుడు విత్తాలి? రెండు మూడు వానలలో 60–70 మిల్లీమీటర్లు పడి, తడి జానెడు లోతు దిగిన తరువాత. జొన్న వేసేవారు రెండు సాళ్లకు ఒక సాలు కంది కలపండి. ముందు వానలు బాగుంటే జొన్న చేతికి వస్తుంది. వెనుక వానలు బాగుంటే కంది ఆదుకొంటుంది. జొన్న ఆలస్యమైనకొద్దీ మొవ్వు ఈగ ఎక్కువవుతుంది. కాబట్టి అదను తప్పితే ఆముదానికి మారండి, జూలై ఆఖరు వరకు విత్తుకోవచ్చు. ఆశ్లేష, మఖ కార్తెలు వచ్చినా నేల ఖాళీగా వుంటే ఉలవ చల్లండి. గింజ కొంత, పశువులకు మేత కొంత దక్కుతాయి.

ఇక నడుమ వాన ఆగిపోవటం. 2002 జూలైలో దేశం మొత్తం మీద పడవలసిన వానలో సగం కూడా పడలేదు. నల్లరేగడి కొంతకాలం ఓర్చుకొంటుంది గాని, చల్క నేలకు పదిరోజుల ఎండ చాలు, పైరు వాడిపోతుంది. అప్పుడు గుంటక తోలి పైమట్టి వదులు చేయండి, కలుపు తీయండి. తడి లేనప్పుడు నేలకు యూరియా వేయకండి. లీటరు నీటికి 20 గ్రాములు కలిపి ఆకుల మీద పిచికారీ చేయవచ్చు.

పడిన నీటిని పారిపోనివ్వకండి. ఎకరం మీద 25 మిల్లీమీటర్ల వాన అంటే సుమారు లక్ష లీటర్లు! వాలుకు అడ్డంగా దున్ని, సాళ్ల నడుమ చాళ్లు తీయండి. పొలం దిగువ మూలలో చిన్న కుంట తవ్వితే, గింజ పాలుపోసుకొనే వేళ ఒక తడికి నీరు దొరుకుతుంది.

పైరును కాపాడలేనినాడు అక్కరకు వచ్చేది బీమా. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా నుండి 2020లో తెలంగాణ వైదొలిగినది. పథకాలు మారుతూ వుంటాయి కనుక, మీ మండలంలో ఏది అమలులో వున్నదో, గడువు ఎప్పుడో విత్తుటకు ముందే విస్తరణాధికారిని అడిగి తెలుసుకోండి.

చివరగా ఒక చిన్న పని. ఏ వాన ఏ తేదీన పడినదీ, ఎన్నడు విత్తినదీ, ఎంత ఖర్చయి ఎంత పండినదీ ఒక పుస్తకంలో వ్రాసి పెట్టండి. అయిదారేండ్లు గడిస్తే మీ పొలం సంగతి మీకు ఆ పుస్తకమే చెబుతుంది.