పొగతాగడం – జీర్ణకోశానికి కలిగే హాని

సిగరెట్ పొగ వలన ఊపిరితిత్తులు, గుండె దెబ్బతింటాయన్న సంగతి అందరికీ తెలిసినదే. అదే పొగ నోటి నుండి పెద్దపేగు వరకు జీర్ణమార్గం అంతటికీ హాని చేస్తుందన్న విషయం మాత్రం అంతగా ప్రచారంలో లేదు. కడుపుమంటకు మాత్రలు మింగుతూనే పరగడుపున టీతో పాటు సిగరెట్ వెలిగించేవారు నగరాలలో ఎందరో ఉన్నారు. అటువంటి వారికి మాత్ర వలన కలిగే ఉపశమనం తాత్కాలికమే.

అన్నవాహిక, జీర్ణాశయం కలిసే చోట ఒక కండర కవాటం ఉంటుంది. నికోటిన్ దానిని సడలిస్తుంది. అందువలన జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్ని ఛాతీలో మంట పుడుతుంది. ఆ ఆమ్లాన్ని విరిచే క్షారగుణం లాలాజలంలోనూ, క్లోమరసంలోనూ ఉంటుంది. పొగతాగేవారిలో అది తగ్గుతుంది. జీర్ణాశయపు లోపలి పొరకు రక్తప్రసరణ కూడా మందగిస్తుంది. ఫలితంగా పుండ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. ఏర్పడినవి త్వరగా మానవు. పుండ్లకు ముఖ్య కారణమైన హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవిని తొలగించే చికిత్స సైతం పొగతాగేవారిలో విఫలమయ్యే అవకాశం ఎక్కువ.

పేగులకు సోకే క్రోన్స్ వ్యాధి పొగ వలన తీవ్రమవుతుంది. అల్సరేటివ్ కొలైటిస్ అనే వ్యాధి పొగతాగేవారిలో కొంత తక్కువగా కనబడుతున్నప్పటికీ, సిగరెట్‌ను దానికి మందుగా భావించరాదు. అన్నవాహిక, జీర్ణాశయం, క్లోమం, పెద్దపేగు క్యాన్సర్ల ముప్పును పొగ పెంచుతుంది. బీడీకి, చుట్టకు మినహాయింపు లేదు. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు స్త్రీలకు అలవాటైన అడ్డపొగ అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుందని వైద్యులు చాలాకాలం క్రితమే గుర్తించారు.

ఈ హానికి గల కారణాలలో ఒకటి ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు. పొగలో ఇవి అపారంగా ఉండి కణాలను గాయపరుస్తాయి. వీటిని అదుపుచేసే సి విటమిన్ వంటి యాంటీఆక్సిడెంట్లు పొగతాగేవారిలో త్వరగా ఖర్చవుతాయి. అందుకే వారికి రోజుకు 35 మిల్లీగ్రాముల సి విటమిన్ అదనంగా అవసరమని అమెరికా ఆహార ప్రమాణాలు పేర్కొంటున్నాయి. ప్రయోగశాల జంతువులలో కొన్ని యాంటీఆక్సిడెంట్లు జీర్ణకోశపు గాయాన్ని తగ్గించాయి.

అయితే మనుషులపై జరిగిన పరీక్షలు ఆ ఆశను బలపరచలేదు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులపై జరిగిన పరిశోధన ఫలితాలు 1994లో వెలువడ్డాయి. బీటా కెరోటిన్ మాత్రలు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అమెరికాలో బీటా కెరోటిన్‌తో పాటు ఎ విటమిన్ ఇచ్చిన మరొక పరీక్షను ఇదే కారణంగా 1996లో నిలిపివేశారు. కావున వైద్యుని సలహా లేకుండా ఇటువంటి మాత్రలు కొని వాడరాదు. ఉసిరి, జామ, ఆకుకూరలు వంటివి ఆహారంగా తీసుకోవడం మేలు. అవి కూడా పొగకు విరుగుడు కావు.

పొగ మానివేయడమే అసలు చికిత్స. సిగరెట్ లేనిదే విరేచనం కాదని భయపడి కొందరు వెనుకాడుతారు. మానిన తరువాత కొందరికి కొన్ని వారాలు మలబద్ధకం ఉండవచ్చు. తగినంత నీరు, పీచు గల ఆహారం, నడక అందుకు తోడ్పడతాయి.

నల్లని మలం, రక్తపు వాంతి, మింగుటలో కష్టం, కారణం లేకుండా బరువు తగ్గడం కనబడితే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళవలెను. పొగ మానదలచినవారు జాతీయ ఉచిత సహాయవాణి 1800-11-2356కు ఫోన్ చేయవచ్చు.