ఎనిమిది గంటల ఇంజక్షన్

పండగ సంచికలో ఆస్పత్రి సంగతులేమిటని పాఠకులు విసుక్కోవద్దు. ఇక్కడి ఫ్రీవే మీదైనా, అక్కడి విజయవాడ రోడ్డు మీదైనా, మనవాళ్ళెవరికో మెడకో నడుముకో పెద్ద దెబ్బ తగిలి కాళ్ళూ చేతులూ కదలడం లేదని కబురు వస్తే, ఫోన్లో చుట్టాలు అడిగే ప్రశ్న ఒకటుంది. "స్టిరాయిడ్ ఇచ్చారా? ఎనిమిది గంటల్లోపు ఇచ్చారా?" ఇవ్వలేదంటే ఆ డాక్టరు మీద ఏళ్ళ తరబడి అనుమానం. "ఇంకో గంట ముందు చేర్పించి ఉంటే మావాడు నడిచేవాడు" అని తనను తానే తిట్టుకునే తండ్రి కూడా ఉంటాడు. ఈ ఎనిమిది గంటల లెక్క ఎక్కడినుంచి వచ్చింది, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నది తెలుసుకోవడం మంచిది.

వెన్నుపాము ఇంచుమించు చిటికెన వేలంత లావుంటుంది. వెన్నుపూస విరిగి దాన్ని నలిపితే ఆ క్షణంలో జరిగే నష్టం ఒక ఎత్తు. తరువాత కొన్ని గంటలపాటు వాపు, రక్తప్రసారం తగ్గడం, నలిగిన కణాల నుంచి వెలువడే రసాయనాలు పక్కనున్న మంచి కణాలను కూడా చంపడం మరొక ఎత్తు. మొదటిదాన్ని ఎవరూ వెనక్కి తీసుకురాలేరు. రెండోదాన్ని మందుతో ఆపవచ్చునేమోనన్నది ఆశ. పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో మిథైల్ ప్రెడ్నిసోలోన్ అనే స్టిరాయిడ్ పెద్ద మోతాదులో కొంత పనిచేసినట్లు కనిపించింది.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ బ్రాకెన్ నాయకత్వంలో దీన్ని మనుషుల మీద పరీక్షించారు. 1984లో వెలువడిన మొదటి పరీక్షలో ఎక్కువ మోతాదుకీ తక్కువ మోతాదుకీ తేడా కనిపించలేదు. 1990లో వచ్చిన రెండో పరీక్షే ప్రపంచమంతా మారుమోగింది. అందులో 487 మంది. మోతాదు కిలో బరువుకి 30 మిల్లీగ్రాములు ఒక్కసారిగా, ఆపైన 23 గంటలపాటు గంటకి 5.4 చొప్పున. డెబ్భై కిలోల మనిషికి లెక్క కడితే దాదాపు 11 గ్రాములు! ఆస్తమా ముదిరినప్పుడు డాక్టరు రోజుకి నలభై మిల్లీగ్రాముల స్టిరాయిడ్ మాత్రలు రాస్తేనే మన పెద్దవాళ్ళు భయపడతారు.

అసలు కథ ఇక్కడుంది. 487 మందినీ కలిపి చూస్తే మందుకీ ఉత్తుత్తి మందుకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎనిమిది గంటల్లోపు మందు మొదలైనవారిని విడదీసి చూసినప్పుడే మేలు కనిపించింది. ఎంత మేలు? కండరాల బలాన్ని 70 మార్కులకు లెక్కవేస్తే, ఆరు నెలల తరువాత సుమారు ఐదు మార్కులు ఎక్కువ. ఆ మార్కులు శరీరంలో కుడివైపు కండరాలవి మాత్రమే. ఐదు మార్కులతో మంచంలో ఉన్నవాడు లేచి నడుస్తాడా, తన చేత్తో అన్నం తినగలుగుతాడా అన్నది ఆ లెక్క చెప్పదు. మొత్తం గుంపులో కనిపించనిది ఒక ముక్కలో కనిపిస్తే దాన్ని ఎంత నమ్మాలి అన్నదే వివాదమంతా. కాదనేవాళ్ళలో కెనడా వైద్యుడు జాన్ హర్ల్‌బర్ట్ ముఖ్యుడు. బ్రాకెన్ తన వాదన వదులుకోలేదు. ఈ విషయంపై వచ్చిన పరీక్షలన్నిటినీ తూకం వేసే కాక్రేన్ సమీక్ష రాసింది కూడా ఆయనే. తన పంటను తానే తూచుకోవడం నాకు అంత సబబుగా తోచదు, కానీ ఆయన అంకెలు దాచాడని ఎవరూ అనలేరు.

పరిశోధన వ్యాసం అచ్చు కాకముందే జాతీయ ఆరోగ్య సంస్థలు ఫలితాన్ని ప్రకటించడంతో దేశమంతా ఎమర్జెన్సీ గదుల్లో అదే పద్ధతి అయి కూర్చుంది. 1992 నవంబరులో న్యూయార్క్ జెట్స్ ఫుట్‌బాల్ ఆటగాడు డెనిస్ బర్డ్ ఆటలో మెడ విరగ్గొట్టుకున్నాడు. ఈ స్టిరాయిడ్ ఇచ్చారు. మరుసటేడు నడుచుకుంటూ మైదానంలోకి వచ్చాడు. 1995లో గుర్రం మీద నుంచి పడిన సూపర్‌మాన్ నటుడు క్రిస్టఫర్ రీవ్‌కీ ఇదే మందు ఇచ్చారు. ఆయన 2004లో కన్నుమూసేదాకా చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. మొదటి కథ టీవీలో చూసినవాళ్ళు మందు గొప్పదనుకున్నారు. రెండోది చూసి మందు పనికిరాదని ఎవరూ అనుకోలేదు. ఒక్క మనిషిని చూసి ఏ మందునూ తేల్చలేము.

1997లో మూడో పరీక్ష వచ్చింది. మూడు గంటల్లోపు మొదలుపెడితే 24 గంటలు చాలు, మూడు నుంచి ఎనిమిది మధ్య అయితే 48 గంటలు ఇవ్వమన్నారు. కానీ 48 గంటలు ఇచ్చినవారిలో తీవ్రమైన న్యుమోనియా, రక్తంలో చీము చేరడం ఎక్కువయ్యాయి. ఇక 2004లో తల దెబ్బలపై జరిగిన క్రాష్ అనే పెద్ద పరీక్ష చాలామంది కళ్ళు తెరిపించింది. ఇదే మందును 10,008 మందితో పరీక్షించి మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. రెండు వారాల్లో చనిపోయినవారు స్టిరాయిడ్ అందినవారిలో నూటికి 21, అందనివారిలో 18. అది తలకి సంబంధించినది, వెన్నుపాముకి కాదు. అయినా ప్రమాదంలో రెండూ దెబ్బతిన్నవాళ్ళు ఎందరు లేరు?

మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఇచ్చారు? 2006లో అమెరికాలోని వెన్నెముక సర్జన్లను అడిగితే నూటికి తొంభై మంది ఇస్తామన్నారు. రోగికి మేలు జరుగుతుందన్న నమ్మకంతో ఇచ్చేవాళ్ళు వారిలో నాలుగో వంతు మాత్రమే. తక్కినవాళ్ళలో కోర్టుకి భయపడినవాళ్ళున్నారు, ఆస్పత్రి రివాజుకి తలవంచినవాళ్ళున్నారు. లాయరు అడిగే ప్రశ్నకి జవాబుగా రోగికి మందెక్కించడం వైద్యమెలా అవుతుంది? ఇందులో డాక్టర్ల తప్పెంతో, ఇవ్వకపోతే దావా వేస్తామన్న మనలాంటి కుటుంబాల తప్పూ అంతే.

2013లో అమెరికా న్యూరోసర్జన్ల సంఘాలు ఈ మందు వాడవద్దని సిఫారసు చేశాయి. వెన్నుపాము దెబ్బకి దీన్ని వాడడానికి ఎఫ్‌డీఏ అనుమతి లేదని కూడా గుర్తుచేశాయి. 2017లో ఏఓ స్పైన్ అనే అంతర్జాతీయ బృందం మాత్రం ఎనిమిది గంటల్లోపు వచ్చినవారికి 24 గంటలపాటు ఇచ్చే విషయం ఆలోచించవచ్చు, 48 గంటలు వద్దు అంది. అంటే ఇచ్చినవాడు మూర్ఖుడూ కాదు, ఇవ్వనివాడు ద్రోహీ కాదు.

మొదటి గంటల్లో ఇంతకన్నా పట్టించుకోవలసినవి వేరే ఉన్నాయి. మన ఊళ్ళలో పడిపోయినవాణ్ణి ఒకడు భుజాలు, ఒకడు కాళ్ళు పట్టి ఎత్తి ఆటోలో కుక్కుతారు. అందరిదీ మంచి మనసే. కానీ అప్పటిదాకా చెక్కుచెదరని వెన్నుపాము ఆ మడతలో తెగిపోవచ్చు. తల, మెడ, నడుము ఒకే వరుసలో కదలకుండా పట్టుకుని, నలుగురు కలిసి ఒక్కసారిగా చెక్క మీదికి దొర్లించి చేర్చాలి. ఆస్పత్రికి చేరాక ఎముక వెన్నుపాముని నొక్కుతోందా, ఆపరేషన్ 24 గంటల్లో జరుగుతుందా అని అడగాలి. 2012లో మెడ దెబ్బ తిన్న 313 మందిని గమనించిన అధ్యయనంలో త్వరగా ఆపరేషన్ అయినవారు మెరుగ్గా కోలుకున్నారు. అది చీట్లు వేసి పంచిన పరీక్ష కాదన్న లోటు దానికీ ఉంది. రక్తపోటు పడిపోకుండా చూస్తున్నారా అన్నది మరో ప్రశ్న.

స్టిరాయిడ్ ఇస్తామని డాక్టరే అంటే, రోగికి షుగరు ఉంటే ముందే చెప్పండి. ఈ మోతాదుకి షుగరు ఆకాశానికి ఎక్కుతుంది. కడుపులో పుండు ఉండేదేమో, ఇదివరకు టీబీ వచ్చిందేమో కూడా చెప్పండి. అమెరికాలో పుట్టి పెరిగిన డాక్టరుకి మన ఇళ్ళలో షుగరు ఎంత మామూలో, టీబీ ఎంత దాచుకుంటామో తట్టకపోవచ్చు.