పిల్లికూనకును పశువైద్యశాల కలదు

పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునని మన పెద్దలు చెప్పుదురు. ఆ త్రిప్పటలో ఏదో ఒక యింట, వడ్లబస్తాల చాటుననో అటుకమీదనో, ఒక కూన నిలిచిపోవును. పిల్లలు దానికి పేరు పెట్టుదురు. ఎలుకల బెడద తగ్గునని పెద్దలును సమ్మతింతురు. ఆవుకు గాలికుంటు టీకా వేయించిన తేదీని జ్ఞాపకముంచుకొను రైతు సైతము “పిల్లికి వైద్యమేమిటండీ?” అని నవ్వుట కలదు. ఆ నవ్వులో ఒక ప్రమాదము దాగియున్నదని మా అభిప్రాయము. గొడ్లు సావడిలో నుండును. పిల్లికూన పసిబిడ్డల ప్రక్కలో పండుకొనును. దానికి వచ్చు జబ్బులలో కొన్ని ఆ బిడ్డలకును రాగలవు.

ఎనిమిది వారములు నిండువరకు కూనను తల్లినుండి వేరుచేయకుండుట మేలు. అంతకుముందే తెచ్చినచో పాలు చాలక కృశించును. అదిగాక కరవకుండ, గీరకుండ ఆడుకొనుట అది తల్లివద్దను, తోడి కూనలవద్దను నేర్చుకొనవలసిన విద్య.

ఇంటికి తెచ్చిన రెండు మూడు దినములలో పశువైద్యశాలకు తీసికొనిపోవలెను. చేతులలో నెత్తుకొని బయలుదేరినచో త్రోవలో కుక్కను చూచి బెదరి, మోయువారిని గీరి పారిపోవును. మూతగల వెదురుబుట్టలో పాతగుడ్డ పరచి, మూతను త్రాటితో బిగించి తీసికొనిపోవుట సుళువు. వైద్యుడు ముందుగా బరువు తూచును. మందు మోతాదంతయు ఆ బరువును బట్టియే యుండును గనుక దీనిని వృథాశ్రమ యనుకొనరాదు.

పొట్ట ఉబ్బి, వెన్నెముక తేలియున్న కూనను చూచి “బాగుగా తినుచున్నది” అనుకొనుట పరిపాటి. తరచుగా అది ఏలికపాముల లక్షణము. ఇవి తల్లిపాలగుండనే కూన కడుపు చేరును. వాని గ్రుడ్లు మలముతో పెరటి మట్టిలో కలిసి, మట్టిలో ఆడుకొను పిల్లల చేతులనుండి వారి కడుపునకును పోగలవు. కావున మూడవ వారము మొదలు రెండు నెలల వయసు దాటువరకు రెండు వారముల కొకసారియు, అటుపిమ్మట ఆరు నెలలు నిండువరకు నెల కొకసారియు వైద్యుడిచ్చిన పురుగుల మందు పట్టవలెను.

ఇక టీకాలు. పిల్లులకు పాన్‌ల్యూకోపీనియా అను అంటువ్యాధి కలదు. వాంతులు, విరేచనములు పట్టుకొని, రక్తములోని తెల్లకణములు నశించి, కూన రెండు మూడు దినములలోనే చనిపోవచ్చును. ఆ వ్యాధిక్రిమి ఇంటిలో ఏడాదివరకు నిలువగలదు. ఒక కూన చనిపోయిన ఇంట మరియొక కూనను తెచ్చిన, అదియు పోవుటకు కారణ మిదియే, దిష్టి గాదు. దీనికిని, మరి రెండు జలుబు జాతి రోగములకును కలిపి ఒకే టీకా గలదు. ఆరు లేక ఎనిమిది వారముల వయసున మొదలుపెట్టి, మూడు నాలుగు వారముల కొకసారి చొప్పున, పదునారు వారములు నిండువరకు వేయింతురు. ఇన్నిమార్లు ఎందుకని అడుగవచ్చును. తల్లి మొదటిపాలలోని రక్షకశక్తి కూనను కాపాడుచునే, టీకాను సైతము పనిచేయనీయదు. ఆ శక్తి ఏనాడు తరిగిపోవునో చెప్పజాలము గనుక మరల మరల వేయించుట.

అన్నిటికంటె ముఖ్యమైనది రేబిస్ టీకా. మూడు నెలలు నిండగనే వేయించి, ఏడాదికి మరల వేయించి, ఆపై వైద్యుడు చెప్పిన గడువున సాగింపవలెను. 1885 జూలై 6వ తేదీన పాశ్చర్ పండితుడు ఒక బాలునకు తొలిసారిగా ఈ వ్యాధికి టీకా వేయించెను. ఏటేట ఆ దినమున అనేక పశువైద్యశాలలలో ఉచితముగా టీకాలు వేయుచుందురు.

కుక్క కరచిన ఆసుపత్రికి పరుగెత్తువారు పిల్లి గీరిన పసుపు అద్ది ఊరకుందురు. ఇది మిక్కిలి ప్రమాదకరము. కుక్కకాటు తిన్న పిల్లికి రేబిస్ సోకును; పిల్లి కాటువలన, గీరువలన మనుష్యులకును సోకగలదు. లక్షణములు పైకి కనబడిన పిమ్మట బ్రతుకుట దాదాపు అసంభవము. కావున గాయమును వెంటనే ధారగా పడు నీటితో, సబ్బుతో, 15 నిమిషములు కడిగి ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. సున్నము, కారము, ఆకుపసరు పూయరాదు. బొడ్డుచుట్టు 14 సూదులని భయపడు పెద్దలు ఇప్పటికిని కలరు. ఆ పాతరకపు మందు తయారీ మన దేశమున 2004తో ఆగిపోయినది. నేడు చేతికి వేయు కొలది సూదులే, ప్రభుత్వాసుపత్రులలో ఉచితము. రక్తము వచ్చిన గాయమునకు వేరొక మందు కూడ అవసరము.

కూనకు జ్వరమనిపించినపుడు ఇంటిలోని పారాసెటమాల్ బిళ్ళను ఎన్నడును ఈయరాదు. దానిని విరిచి నిర్వీర్యము చేయు శక్తి పిల్లి కాలేయమునకు లేదు. సగము బిళ్ళయే చంపగలదు. ఫినాయిలు సైతము అట్టిదే. కుక్కల గోమారులకు వాడు పెర్మెత్రిన్ మందును పిల్లికి పూయరాదు. ఉల్లి, వెల్లుల్లి వేసిన పులుసన్నమును మానవలెను. ఉప్పుకారములు వేయకముందే ఒక చేపముక్కను వేరుగా ఉడికించి తీయుట ఏ ఇల్లాలికిని కష్టము గాదు. పాలన్నముతోనే పెంచదలచిన శాకాహారుల ఇండ్లలో చిక్కు కలదు. మాంసములో నుండు టారిన్ అను పదార్థము లేనిచో పిల్లికి కండ్లు, గుండె చెడును. అట్టివారు వైద్యుని ముందే అడుగుట మంచిది.

ఆడుకూన అయిదారు నెలలకే చూలు దాల్చగలదు. రెండు నెలలలో ఈనును. కావున తుది టీకా నాడే శస్త్రచికిత్సకు తేదీ అడిగి, టీకా చీటీ వెనుక వ్రాయించుకొని రావలెను.